తొమ్మిదేళ్ళుగా ఒప్పుకుంటూనే ఉన్నా శాంతి లేదన్న తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది నిన్న రాత్రి ఒకసారి చదివాను, పొద్దున్న ప్రార్థన అయ్యాక మళ్ళీ చదివాను. ఇది చదివే మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి నువ్వు చెప్పింది క్లుప్తంగా చెప్తాను. మీ నాన్నగారి పేరు మీద ఏడు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, నామినీ నువ్వు. ఆసుపత్రిలో మంచం మీద ఉండి ఆయన "అక్కకి సగం ఇవ్వరా" అన్నాడు, ఆ మాట విన్నది నువ్వొక్కడివే. ఆయన పోయాక "డబ్బంతా వైద్యానికే అయిపోయింది అక్కా" అని చెప్పావు. ఆవిడ నమ్మింది. తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు ఆవిడ కూతురు నర్సింగ్ ఫీజుకి వడ్డీకి తెచ్చుకుందని తెలిసిన రోజు నుంచి నీకు నిద్ర లేదు. రోజూ దేవునికి ఒప్పుకుంటున్నావు, ఉపవాసాలు ఉంటున్నావు, అయినా నెలనెలా గుడిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభురాత్రి భోజనం దగ్గర చెయ్యి వణుకుతోంది. దేవుడు నన్ను క్షమించాడా లేదా, ఇది క్షమాపణ లేని పాపమా, పాస్టరు గారికి చెప్పాలా, దావీదు దేవునికే ఒప్పుకున్నాడు కదా నాకు అది చాలదా అని అడిగావు. మా ఆవిడకి కూడా తెలీదు అన్నావు.

మధ్యలో ఇంకో లైన్ రాశావు, చచ్చిపోతే బావుండు అనిపిస్తోంది అని. మిగతాదంతా తర్వాత, ముందు ఆ లైన్ సంగతి చూద్దాం. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఒంటరిగా గదిలో కూర్చోవద్దు, ఇంట్లో ఎవరికో ఒకళ్ళకి ఈరోజే చెప్పు, లేకపోతే 14416 కి ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్ అని గవర్నమెంటు వాళ్ళది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. ప్రార్థన చేసుకునేవాడు డాక్టరు దగ్గరికి వెళ్ళకూడదని ఎవరైనా చెప్తే ఆ మాట వినకు. నలభై ఏళ్ళు పాస్టరుగా చేశాను, చెప్పుకోకుండా లోపలే దాచుకున్నవాళ్ళు ఎలా కుంగిపోతారో దగ్గర్నుంచి చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక నీ ప్రశ్నకి వస్తాను. క్షమాపణ లేని పాపం గురించి ముందే తేల్చేస్తాను, ఎందుకంటే దానికి ఎక్కువ టైమ్ అక్కర్లేదు. మార్కు మూడో అధ్యాయంలో పరిశుద్ధాత్మని దూషిస్తే క్షమాపణ లేదు అన్న మాట యేసు ఎవరితో అన్నాడు? ఆయన దయ్యాలు వెళ్ళగొడుతుంటే కళ్ళారా చూసి కూడా "వీడికి బయెల్జెబూలు పట్టింది", అంటే దయ్యాల అధిపతి పట్టాడు, అన్న శాస్త్రులతో. అంటే దేవుడు చేసే పని ఎదురుగా కనిపిస్తుంటే అది సైతాను పని అని తెలిసే అనేవాళ్ళతో. వాళ్ళెవరికీ నీలాగా రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం లేదు. నాకు క్షమాపణ ఉందా లేదా అని ఏడుస్తున్న మనిషి ఆ పాపం చేసి ఉండడు. దీని మీద మళ్ళీ ఆలోచించకు.

అసలు సంగతి వేరే చోట ఉంది. నీ ఉత్తరంలో నాలుగు చోట్ల "నా పొరపాటు" అని రాశావు, రెండు చోట్ల "అప్పటి పరిస్థితుల వల్ల" అని రాశావు, ఒక చోట "బలహీనత" అన్నావు. దొంగతనం అన్న మాట ఒక్కసారి కూడా రాయలేదు. నేను తప్పు పట్టడానికి చెప్పట్లేదు తమ్ముడూ, ఇది చాలా ముఖ్యం కాబట్టి చెప్తున్నా. ఒకటో యోహాను 1:9 మనందరికీ కంఠతా వచ్చు, "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల" అని. అక్కడ గ్రీకులో ఉన్న మాటకి అర్థం అదే మాట అనడం, అంటే దేవుడు దాన్ని ఏమంటాడో మనమూ అదే అనడం. మన తెలుగు మాట ఇంకా బావుంది, ఒప్పుకోవడం అంటేనే సరే అనడం కదా, పెళ్ళికి ఒప్పుకున్నారు అంటాం, బేరానికి ఒప్పుకున్నాడు అంటాం. దేవుడు "దొంగిలించావు, అబద్ధం ఆడావు, తండ్రి చివరి మాట తొక్కేశావు" అంటాడు, నువ్వు "అవును ప్రభువా" అంటే అది ఒప్పుకోలు. ఆయన అలా అంటుంటే నువ్వు "ఏదో పొరపాటు అయిపోయింది ప్రభువా" అంటే అది ఒప్పుకోలు కాదు, బేరం. తొమ్మిదేళ్ళుగా బేరం ఆడుతూ, బేరం తెగట్లేదని బాధపడుతున్నావేమో చూసుకో.

ఈరోజు రాత్రి మోకాళ్ళ మీద ఉన్నప్పుడు ఆ మూడు మాటలూ పేరు పెట్టి చెప్పు. దొంగతనం. అబద్ధం. నాన్న మాట. ఒక్కసారి చెప్పు చాలు. రోజూ చెప్పక్కర్లేదు.

ఎందుకు ఒక్కసారి చాలంటున్నానో చెప్పాలి. మన లూథరన్ సంఘాలకి మూలపురుషుడు మార్టిన్ లూథర్ గారు సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటల తరబడి గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేవాడు, బయటికి వచ్చాక ఇంకోటి గుర్తొస్తే మళ్ళీ వెళ్ళేవాడు, ఆయన గురువు స్టౌపిట్జ్ కి కూడా విసుగొచ్చేది. అంత ఒప్పుకున్నా ఆయనకి శాంతి లేదు, ఎందుకంటే తన ఒప్పుకోలు ఎంత బాగా ఉంటే దేవుడు అంత క్షమిస్తాడు అనుకున్నాడు, అంటే నమ్మకమంతా తన ఒప్పుకోలు మీదే పెట్టాడు. నువ్వు చేస్తున్నదీ అదే. ఇవాళ ఏడుపు సరిగ్గా రాలేదు, రేపు ఉపవాసం ఉండి ఏడుస్తాను అనుకుంటున్నావు. ఆ వాక్యంలో తర్వాత ముక్క చూడు, "ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక" అని ఉంది. దయగలవాడు గనుక అని ఉండాలి కదా, మనమైతే అలాగే రాసేవాళ్ళం. నీతిమంతుడు గనుక క్షమిస్తాడు అంటాడు యోహాను. ఎందుకంటే ఆ పాపానికి కట్టాల్సింది సిలువ మీద క్రీస్తు కట్టేశాడు, ఒకసారి కట్టిన దాన్ని మళ్ళీ నీ దగ్గర వసూలు చెయ్యడం అన్యాయం, దేవుడు అన్యాయం చెయ్యడు. నీ క్షమాపణ నిలబడింది ఆయన నీతి మీద, నీ కన్నీళ్ళ మీద కాదు.

తప్పిపోయిన కుమారుడి కథ మనం చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదా, అందులో ఒక చిన్న సంగతి చాలామంది గమనించరు. ఆస్తిలో వాటా తీసుకుపోయి అంతా తగలేసిన ఆ కొడుకు పందుల దగ్గర కూర్చుని ఒక ప్రసంగం తయారు చేసుకుంటాడు, "తండ్రీ, పాపం చేశాను, కొడుకుననిపించుకోడానికి పనికిరాను, నన్ను కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో" అని. దారంతా అది వల్లె వేసుకుంటూనే వచ్చుంటాడు. ఇంటికొచ్చాక మొదటి రెండు మాటలూ చెప్పగలిగాడు, మూడోది, అదే కూలివాడి మాట, నోట్లోంచి రానేలేదు. తండ్రి మధ్యలోనే అందుకుని పనివాళ్ళతో వస్త్రం తీసుకురండి ఉంగరం తీసుకురండి అంటున్నాడు. లూకా 15లో 19వ వచనమూ 21వ వచనమూ పక్కపక్కన పెట్టి చదువు, తేడా కనిపిస్తుంది. నువ్వు తొమ్మిదేళ్ళుగా ఆ మూడో మాట చెప్పాలని చూస్తున్నావు, కూలి చేసి తీరుస్తాను ప్రభువా అని. ఆయన వినడు.

మరి ఇంత సులువా, అయితే డబ్బు సంగతి ఏంటి అంటావు. అక్కడికే వస్తున్నాను, ఇక్కడ తేలిగ్గా వదిలేస్తే నేను నీకు మేలు చేసినవాణ్ణి కాను.

దేవునికి నువ్వు బాకీ ఉన్నది క్రీస్తు కట్టాడు. మీ అక్కకి నువ్వు బాకీ ఉన్న మూడున్నర లక్షలు క్రీస్తు కట్టలేదు తమ్ముడూ, అవి నీ దగ్గరే ఉన్నాయి, నీ ఇంటి గోడల్లోనో నీ బండిలోనో ఉన్నాయి. ఈ రెండు బాకీలు కలిపేసి చూడటం వల్లే నీకు ఇంత అయోమయం. దేవునికి కట్టలేనిదాన్ని ఉపవాసాలతో కట్టాలని చూస్తున్నావు, అక్కకి కట్టగలిగినదాన్ని ప్రార్థనతో సరిపెట్టాలని చూస్తున్నావు. తలకిందులైంది.

లేవీయకాండం ఆరో అధ్యాయం మొదట్లో సరిగ్గా నీ కేసే ఉంది, నేను కల్పించి చెప్పట్లేదు, తీసి చూసుకో. ఒకడు తనకి అప్పగించిన సొమ్ము విషయంలో బొంకితే ఏం చెయ్యాలి అని. అసలు సొమ్ము ఇవ్వాలి, దానికి అయిదో వంతు కలపాలి, అదీ అపరాధ పరిహారార్థబలి తెచ్చే రోజునే ఆ సొమ్ము గలవాడికి ఇచ్చెయ్యాలి. బలి ఒక చోటికి, డబ్బు ఒక చోటికి. బలి తెచ్చాను కదా డబ్బెందుకు అనడానికి లేదు, డబ్బు ఇచ్చాను కదా బలెందుకు అనడానికీ లేదు. ఆ లెక్కన నీది మూడున్నర లక్షలకి డెబ్భై వేలు కలిపి నాలుగు లక్షల ఇరవై వేలు. మనం ఇప్పుడు ధర్మశాస్త్రం కింద లేము, అది నిజమే, కాబట్టి ఈ అంకె నీకు చట్టం కాదు, కానీ దేవుని మనసు ఎటుందో తెలుస్తుంది కదా. పోనీ బ్యాంకు లెక్కే తీసుకో, ఏటా ఏడు శాతం చొప్పున తొమ్మిదేళ్ళు వేసినా ఆ సగం ఆరు లక్షలు దాటుతుంది. ఆవిడ ఈలోపు బయట వడ్డీకి తెచ్చుకుంది.

చట్టం సంగతి కూడా ఒక మాట చెప్పేస్తా, ఎందుకంటే నామినీ నేనే కదా అని నీ మనసులో ఎక్కడో ఉన్నట్టు అనిపించింది. నామినీ అంటే బ్యాంకు దగ్గర డబ్బు తీసుకునేవాడు, అంతేగానీ సొంతదారు కాదు. వీలునామా లేకపోతే మన క్రైస్తవ కుటుంబాలకి 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్ట్ వర్తిస్తుంది, అందులో కొడుక్కీ కూతురికీ వాటా సమానం. మీ అమ్మగారు ముందే పోయారన్నావు కాబట్టి మీ ఇద్దరే. నాన్నగారు నోటితో చెప్పకపోయినా ఆ సగం ఆవిడదే.

దావీదు మాట అడిగావు, "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అని 51వ కీర్తనలో ఉంది కదా, దేవునికి చెప్తే చాలదా అని. ఈ వచనం వెనక దాక్కున్నవాళ్ళని చాలామందిని చూశాను, ఒకప్పుడు నేనూ దాక్కున్నాను. ఆ కీర్తనకి పైన ఉన్న లైన్ ఎవరూ చదవరు. "ప్రధానగాయకునికి" అని ఉంటుంది, తర్వాత బత్షెబ పేరు, నాతాను ప్రవక్త పేరు. అంటే ఏంటి? రాజు తన పాపాన్ని పాటగా రాసి గుడిలో పాటలు పాడేవాళ్ళ పెద్దకి ఇచ్చాడు, జనమంతా పాడుకోడానికి. అంతకంటే బహిరంగంగా ఎవరు ఒప్పుకుంటారు? దావీదు బత్షెబని తీసుకుని, ఆవిడ భర్త ఊరియాని చంపించాడు, అంటే ఊరియా అప్పటికే చచ్చిపోయాడు, అతనికి వెళ్ళి చెప్పే అవకాశం దావీదుకి లేదు. మీ అక్క బతికే ఉంది.

నేనూ దాక్కున్నాను అన్నాను కదా, అది చెప్తాను. నాకు అప్పుడు ముప్పై కూడా నిండలేదు, డెల్టాలో ఒక చిన్న సంఘం, పేరు వద్దు. తాటాకు గుడి తీసేసి సిమెంటు రేకులు వేద్దామని జనం కూలి డబ్బుల్లోంచి ఫండు పోగేశారు, ఆడవాళ్ళు పిడికెడు బియ్యం పక్కన పెట్టి అమ్మి ఇచ్చారు. రేకులు కొనడానికి నన్ను పంపారు. అదే నెలలో మా పెద్దబాబుకి జబ్బు చేసి ఆసుపత్రిలో పెట్టాం, చేతిలో రూపాయి లేదు. ముప్పై నాలుగు రేకులు కొని నలభై అని బిల్లు రాయించుకున్నాను. ఆరు రేకుల డబ్బు ఆసుపత్రికి కట్టాను. తిరిగి ఇచ్చేద్దామనే అనుకున్నాను, నువ్వూ అలాగే అనుకుని ఉంటావు. ఏడాదిన్నర గడిచింది. ప్రసంగం చెప్తూ చెప్తూ నా కళ్ళు పైకి వెళ్ళేవి, ఒక వరస, రెండో వరస, మూడో వరస అని లెక్కపెట్టేవాణ్ణి, ఎప్పుడు లెక్కపెట్టినా ముప్పై నాలుగే. వాన పడితే ఆ రేకుల మీద చప్పుడుకి ప్రసంగం ఆపెయ్యాల్సి వచ్చేది, జనం వాన వల్ల ఆపాను అనుకునేవాళ్ళు. ఆ ఏడు మంచి శుక్రవారం నాడు "తండ్రీ, వీరిని క్షమించుము" అన్న మాట మీద నేనే వాక్యం చెప్పాను, ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

ఆ సంఘంలో ఒక బైబిలమ్మ ఉండేది, అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చదివి వినిపించే పని చేసినావిడ, అప్పటికి డెబ్భై దాటాయి. ఒకరోజు మధ్యాహ్నం వాళ్ళ అరుగు మీదకి వెళ్ళి కూర్చున్నాను, ఆవిడ చింతపండు గింజలు తీస్తోంది. మొత్తం చెప్పేశాను. ఆవిడ చెయ్యి ఆపలేదు, గింజ ఒక పక్క, పండు ఒక పక్క, నా మొహం కేసి కూడా చూడలేదు, బహుశా నాకు సిగ్గుగా ఉంటుందని చూడలేదేమో. అంతా అయ్యాక అంది, "దేవుడు క్షమిస్తాడయ్యా, అందులో నాకేం అనుమానం లేదు. రేకులు మాత్రం ఆరు తక్కువే గదా." తర్వాత ఆ చింతపండు చేతులే నా తల మీద పెట్టి, యేసు నామంలో నీ పాపం క్షమించబడింది బాబూ అని ప్రార్థన చేసి, శనివారం పెద్దలు కూర్చున్నప్పుడు వెళ్ళి చెప్పు అంది.

చెప్పాను. అయిదుగురు పెద్దలు. ఒకాయన ఏడ్చాడు, ఒకాయన తిట్టాడు, ఒకాయన మాట్లాడకుండా లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. జీతంలోంచి నెలనెలా కొంత పట్టుకుని పద్నాలుగు నెలల్లో తీర్చాను. వెళ్ళిపోయినాయన మాత్రం నేను అక్కడున్నన్ని రోజులూ నా చేతి మీదుగా ప్రభు భోజనం తీసుకోలేదు, పక్కూరి గుడికి వెళ్ళి తీసుకునేవాడు. నాకు ట్రాన్స్ఫర్ అయినప్పుడు కూడా రాలేదు. ఆయన క్షమించాడో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. అయినా ఆ శనివారం రాత్రి నుంచి నాకు నిద్ర పట్టింది.

ఇది ఎందుకు చెప్పానంటే పాస్టరుకి చెప్పాలా అని అడిగావు కదా. దేవుడు నిన్ను క్షమించడానికి పాస్టరు మధ్యలో ఉండాలని కాదు. కానీ "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు ఊరికే రాయలేదు. మన పాపం మన తలలోనే ఉన్నంతసేపు అది రోజుకో రూపం మారుతుంది, ఒకరోజు కొండంత ఉంటుంది ఒకరోజు ఏమీ లేనట్టు ఉంటుంది, పక్క మనిషి చెవిలో పడ్డాక అది ఎంతుందో అంతే ఉంటుంది. పైగా క్షమాపణ మాట మనకి మనం చెప్పుకుంటే నమ్మకం కుదరదు, ఇంకో గొంతులోంచి వినాలి. కతోలిక సహోదరులకి పాపసంకీర్తనం ఉంది, అంటే గురువు దగ్గర పాపాలు చెప్పుకోవడం, ఏడాదికి ఒక్కసారైనా చెయ్యాలని 1215లో లాటరన్ అనే వాళ్ళ మహాసభలో నియమం పెట్టారు, అక్కడ విన్నది గురువు ప్రాణం పోయినా బయట పెట్టకూడదు, దొంగసొమ్ము అయితే ముందు తిరిగి ఇవ్వమనే ఆయనా చెప్తాడు. మన లూథరన్లకి లూథర్ గారు దాన్ని బలవంతం లేకుండా చేశాడు గానీ తీసెయ్యలేదు, ఆయన 1529లో రాసిన చిన్న కేటకిజంలో, అంటే ప్రశ్నలూ జవాబులుగా ఉండే బోధ పుస్తకంలో, ఎలా ఒప్పుకోవాలో కూడా ఉంది. మన దగ్గర ఆదివారం ఆరాధన మొదట్లో అందరం కలిసి చదివే ఒప్పుకోలు ఒకటే మిగిలింది, అదీ పుస్తకం చూసి గబగబా చదివేస్తాం. నాకు బాధగా ఉంటుంది అది చూస్తే.

అయితే ఎవరికి చెప్తావో చూసుకుని చెప్పు. విన్నది బయట పెట్టని మనిషి కావాలి, పాస్టరు గారే కానక్కర్లేదు, నీతోపాటు నడిచే ఒక పెద్దాయన అయినా చాలు. కానుక వేస్తే పాపం పోతుందనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకు, నూనె సీసాలు అమ్మేవాళ్ళ దగ్గరికి అసలే వెళ్ళకు. కన్వెన్షన్‌లో మైకు ముందు సాక్ష్యంగా చెప్పకు, వాట్సాప్ ప్రార్థన గ్రూపులో పెట్టకు. అది నీ పాపం ఒక్కటే కాదు, అందులో మీ అక్క పేదరికం ఉంది, మీ ఇంటి పరువు ఉంది. పాపం ఎంతమందికి తగిలిందో అంతమందికే ఒప్పుకోవాలి.

ఇంకో సంగతి, పశ్చాత్తాపం అన్న మాట గురించి. పశ్చాత్ అంటే తర్వాత, తాపం అంటే మంట, చేశాక కాలడం. ఆ మంట నీకు బోలెడు ఉంది. కానీ మత్తయి 27లో మన తెలుగు బైబిలు ఆ మాట ఎవరికి వాడిందో తెలుసా? యేసుని డబ్బుకి పట్టిచ్చిన యూదాకి. "పశ్చాత్తాపపడి" ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చాడు అని ఉంది. వాడికి మంట ఉంది, "పాపము చేసితిని" అని నోటితో ఒప్పుకున్నాడు, డబ్బు కూడా తిరిగి ఇచ్చాడు, ఏం తక్కువైంది? వెళ్ళకూడని చోటికి వెళ్ళాడు. వాడు ఒప్పుకున్నది యాజకుల దగ్గర, వాళ్ళు "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు. అక్కణ్ణుంచి యేసు దగ్గరికి వెళ్ళలేదు, ఒంటరిగా వెళ్ళిపోయాడు. పేతురూ అదే రాత్రి యేసు ఎవరో నాకు తెలీదని మూడుసార్లు బొంకాడు, బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ. కానీ వాడు ఏడ్చి మిగతావాళ్ళ మధ్యకే వచ్చి ఉన్నాడు, తర్వాత సముద్రం ఒడ్డున మళ్ళీ బొగ్గుల మంట వేసి చేపలు కాల్చి పెట్టి యేసు వాణ్ణి మూడుసార్లు అడిగాడు నన్ను ప్రేమిస్తున్నావా అని. ఆ నిప్పుల వాసన తగిలినప్పుడు పేతురుకి ఎలా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు ఆలోచిస్తాను. ఆ జరిగినదాన్ని దాటేసి పక్కదారిలో తీసుకెళ్ళలేదు, ఆ మంట దగ్గరికే తీసుకొచ్చి అక్కడ నిలబెట్టి బాగు చేశాడు. మారుమనస్సు అంటే అదీ, మనసు ఇటు తిరగడం, కాలుతూ కూర్చోవడం కాదు. నువ్వు ఇప్పటిదాకా కాలావు, ఇంక తిరుగు.

ఇప్పుడు చెయ్యాల్సింది. ముందు మీ ఆవిడకి చెప్పు, ఎందుకంటే ఆ డబ్బు తీసేది మీ ఇద్దరి సంసారంలోంచి, ఆవిడకి తెలీకుండా తీస్తే ఇంకో దొంగతనం మొదలవుతుంది. ఆవిడ కోపం తెచ్చుకుంటుంది, తెచ్చుకోనీ. తర్వాత అక్క దగ్గరికి వెళ్ళు. ఫోన్‌లో వద్దు, క్రిస్మస్‌కి చుట్టాలందరూ ఉన్నప్పుడు వద్దు, బావగారు కూడా ఇంట్లో ఉండే మామూలు రోజు చూసుకో. పాత పాస్‌బుక్కో డిపాజిట్ కాగితమో ఉంటే పట్టుకెళ్ళు. కూర్చోగానే అంకెతో మొదలుపెట్టు, "నాన్న డబ్బు ఏడు లక్షలు ఉంది అక్కా, అందులో సగం నీకివ్వమన్నాడు, నేను అబద్ధం చెప్పి ఉంచేసుకున్నాను." అంతే. "నీకు బాధ కలిగి ఉంటే సారీ" అనకు, బాధ కలిగిందో లేదో ఆవిడని తేల్చమనకు. నీ ఇంటి కష్టాలు అప్పుడు చెప్పకు. "దేవుడు నన్ను క్షమించాడు, నువ్వు కూడా క్షమించాలి" అని మాత్రం చచ్చినా అనకు, అది ఆవిడ మెడ మీద వాక్యం పెట్టి వసూలు చెయ్యడం. ఆవిడ ఏడుస్తుంది, తిడుతుంది, బావగారు నాలుగు మాటలంటారు, పోలీసు కేసు పెడతా అనొచ్చు కూడా. తల దించుకుని విను. ఆవిడ క్షమించడానికి రెండు నిమిషాలు పట్టొచ్చు, పదేళ్ళు పట్టొచ్చు, ఆ టైమ్ ఆవిడది.

అంత డబ్బు ఒకేసారి లేదు అన్నావు. ఉన్నంత పట్టుకెళ్ళు, మిగతాది ఏ నెల ఎంత ఇస్తావో కాగితం మీద తేదీలతో రాసి, సంతకం పెట్టి ఆవిడ చేతికి ఇవ్వు. ఆవిడ వద్దు అన్నా ఇచ్చే రా. ముందు ఆ నర్సింగ్ ఫీజు అప్పు తీర్చు, వడ్డీ నడుస్తున్నది అదే కదా. పన్నుల్లో జనాన్ని మోసం చేసిన జక్కయ్య వాళ్ళకి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నది యేసు తన ఇంట్లో అడుగు పెట్టాకే, ఇస్తే వస్తాడని కాదు, వచ్చాడు కాబట్టి సంతోషం పట్టలేక. నువ్వూ ఆ వరసలోనే చెయ్యి. క్షమాపణ కొనుక్కోడానికి వెళ్తున్నాను అనుకుంటే దారిలోనే కాళ్ళు ఆగిపోతాయి, క్షమించబడినవాణ్ణి కాబట్టి వెళ్తున్నాను అనుకుంటే వెళ్ళగలుగుతావు.

ప్రభురాత్రి భోజనం గురించి, అయోగ్యంగా తీసుకుంటే శిక్ష అని భయపడుతున్నావు. పౌలు ఆ మాట రాసిన కొరింథులో ఉన్నవాళ్ళు ముందొచ్చి కడుపు నిండా తిని తాగి, పేదవాళ్ళు ఆకలితో నిలబడుంటే పట్టించుకోకుండా అదే ప్రభువు భోజనం అన్నారు, ఆ సందర్భంలో అన్నాడు. కాబట్టి చెయ్యి వణకడం అయోగ్యత కాదు, అక్క ఆకలి పట్టించుకోకుండా బల్ల దగ్గరికి రావడం గురించి మాత్రం ఆలోచించు. మత్తయి అయిదులో యేసు చెప్పినట్టు కానుక బలిపీఠం ముందే వదిలేసి ముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు. వదిలేసి వెళ్ళు అన్నాడే గానీ ఇంక రావద్దు అనలేదు. వచ్చే నెల మొదటి ఆదివారానికి ఇంకా మూడు వారాలుంది, మీ అక్క ఊరికి బస్సులో నాలుగు గంటలే అన్నావు.